పుష్కరానికో ఫార్మాట్.. క్యాసెట్ పోయింది, సీడీ పోయింది! మరి గోదావరి జిల్లాల పాట ఎవరి దగ్గరుంది?

2027లో గోదావరి పుష్కరాలు. రాజమండ్రిలో ఘాట్లు, రోడ్లు, నిధుల మీద ఇప్పటికే చర్చ నడుస్తోంది. ఈ సందట్లో ఎవరూ పట్టించుకోని లెక్క ఒకటుంది. పుష్కరం వచ్చిన ప్రతిసారీ గోదావరి జిల్లాల్లో జనం పాట వినే పద్ధతి మారిపోయి ఉంటోంది. 1979లో రికార్డు, 1991లో క్యాసెట్, 2003లో సీడీ, 2015లో మెమరీ కార్డు. ఈసారి వచ్చేసరికి చేతిలో పట్టుకునే వస్తువే లేదు.. అంతా ఫోన్‌లోనే.

మరి క్యాసెట్, సీడీ మళ్లీ వస్తాయా? విదేశాల్లో ఎల్‌పీ రికార్డులు మళ్లీ అమ్ముడవుతున్నాయి కదా, మన దగ్గర ఆ గాలి వీస్తుందా? ఒక్క మాటలో చెప్పాలంటే.. షాపు రాదు. కానీ అటక మీద ఉన్న క్యాసెట్‌ను పారేయడానికి ఇది సమయం కాదు. ఎందుకో చూద్దాం.

పన్నెండేళ్లకో మార్పు

1979 పుష్కరాల నాటికి ఊళ్లో పాట అంటే రెండే దారులు. ఒకటి రేడియో, రెండోది మైక్ సెట్టు. ఇంట్లో రికార్డు ప్లేయర్ ఉందంటే కాస్త కలిగిన కుటుంబం అన్నమాట. పెళ్లయినా, గుడి ఉత్సవమైనా మైక్ సెట్టు వాళ్లు పెట్టెలో రికార్డులు పేర్చుకుని వచ్చేవాళ్లు. పిన్ను మార్చుతూ, రికార్డు తిప్పుతూ ఊరంతటికీ వినిపించేవాళ్లు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం 1963లో ఎల్‌పీగా వచ్చింది. ఘంటసాల భగవద్గీత 1974లో, ఆయన పోయిన తర్వాత రికార్డుగా విడుదలైంది. తెల్లవారితే అది, ఎవరైనా కన్నుమూస్తే ఇది. ఇప్పటికీ డెల్టా ఊళ్లలో ఆ ఆనవాయితీ మారలేదు. మారిందల్లా దాన్ని మోసే వస్తువే.

1991 నాటికి క్యాసెట్ రాజ్యం. 2003 నాటికి సీడీ, దాని వెనకాలే ఎంపీ3 సీడీ వచ్చేశాయి. 2015 జులైలో పుష్కరాలు జరిగేటప్పటికి సెల్ షాపుల్లో మెమరీ కార్డులోకి పాటలు ఎక్కించడం పెద్ద బిజినెస్. పుష్కరాలు ముగిసి ఏడాది కాస్త దాటిందో లేదో, 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. డేటా చౌకైపోయింది. పాటలు ఎక్కించే కౌంటర్ల దగ్గర క్యూ పలచబడింది. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే.

క్యాసెట్ ఎందుకు అంతగా గెలిచింది?

ఫిలిప్స్ కంపెనీలో లూ ఓటెన్స్ అనే ఇంజినీర్ బృందం క్యాసెట్‌ను తయారు చేసింది. 1963లో బెర్లిన్ ఎగ్జిబిషన్‌లో దాన్ని ప్రపంచానికి చూపించారు. మన దగ్గర దాని అసలు సత్తా తెలిసింది మాత్రం 1980లలో. అప్పటిదాకా మన దేశంలో రికార్డు అంటే దాదాపు హెచ్ఎంవీనే. కలకత్తా దగ్గర డమ్ డమ్ ఫ్యాక్టరీలో నొక్కితేనే రికార్డు. వాళ్లు ఎవరి గొంతు కావాలనుకుంటే ఆ గొంతే జనానికి చేరేది.

క్యాసెట్ ఆ గేటు పగలగొట్టింది. ఎందుకంటే రికార్డు చేయడానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు. ఒక టేప్ రికార్డరు, ఒక ఖాళీ క్యాసెట్ ఉంటే చాలు. ఉత్తరాదిలో టీ-సిరీస్ లాంటి కంపెనీలు చౌక క్యాసెట్లతో మార్కెట్‌ను ఎలా తిప్పేశాయో పీటర్ మాన్యుయెల్ అనే పరిశోధకుడు 1993లో ఏకంగా పుస్తకమే రాశారు. ప్రాంతీయ పాటలు, భక్తి గీతాలు, జానపదాలు ఇలా అన్నిటికీ తలుపు తెరిచింది క్యాసెట్టే అన్నది ఆ పుస్తకం సారం.

గోదావరి జిల్లాల్లోనూ అదే జరిగింది. సినిమా పాటలు ఎలాగూ ఉన్నాయి. వాటి పక్కనే హరికథ క్యాసెట్, బుర్రకథ క్యాసెట్, పద్య నాటకం క్యాసెట్, ఊరి అమ్మవారి మీద పాటల క్యాసెట్, చర్చిలో పాడుకునే క్రైస్తవ గీతాల క్యాసెట్. జాతరలో స్టేజీ ముందు టేప్ రికార్డర్ పెట్టి ఎవరో పట్టుకున్న రికార్డింగులు వేరే. వీటిలో చాలావాటికి పెద్ద కంపెనీ లేబుల్ ఉండదు. కవరు మీద స్కెచ్ పెన్నుతో రాసిన పేరే లేబుల్.

ఇక్కడ ఇంకో సంగతి మర్చిపోకూడదు. గల్ఫ్. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లినవాళ్లు తిరిగొస్తూ తెచ్చిన వస్తువుల్లో టూ-ఇన్-వన్ ముందు వరసలో ఉండేది. ఫోన్ కాల్ ఖరీదైన రోజుల్లో మాటలే రికార్డు చేసి క్యాసెట్ పంపుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. అంటే క్యాసెట్ అనేది కేవలం కంపెనీ అమ్మిన పాట మాత్రమే అనుకుంటే పొరపాటే. అందులో అమ్మమ్మ గొంతు ఉండొచ్చు, తాతయ్య పాడిన పద్యం ఉండొచ్చు, పెళ్లిలో వాయించిన సన్నాయి ఉండొచ్చు.

సీడీ వచ్చింది.. పట్టుమని ఒక పుష్కరం కూడా నిలవలేదు

సీడీ 1982లోనే పుట్టింది. మన పల్లెల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చాక మాత్రం తన గోతిని తనే తవ్వుకుంది. ఆడియో సీడీలో పట్టేది గంటా పది పావుగంట పాటలు. అదే సీడీలో ఎంపీ3లు ఎక్కిస్తే వందకు పైనే పడతాయి. నిమిషానికి సుమారు ఒక ఎంబీ లెక్కన వేసుకుంటే 700 ఎంబీ సీడీలో 140 పాటల దాకా అన్నమాట. ఒక సినిమా ఆడియో సీడీ కొనే డబ్బుకు పైరసీ ఎంపీ3 సీడీలో ఒక హీరో సినిమాలన్నీ వచ్చేస్తుంటే జనం ఏది కొంటారు? జవాబు చెప్పక్కర్లేదు.

తర్వాత మెమరీ కార్డు. 2 జీబీ కార్డులో 400 పాటలు. సీడీ కూడా బరువైపోయింది. ఆ తర్వాత కార్లలోంచి సీడీ ప్లేయర్ మాయమైంది, ల్యాప్‌టాప్‌లోంచి సీడీ డ్రైవ్ మాయమైంది. వస్తువు మిగిలినా, దాన్ని తిప్పే యంత్రం లేకుండా పోయింది. ఏ ఫార్మాట్ అయినా చచ్చేది ఇలాగే. ముందు అమ్మకం ఆగుతుంది, తర్వాత రిపేరు చేసేవాడు దొరకడు.

టాలీవుడ్‌ను చూస్తే ఈ మార్పు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒకప్పుడు ఆడియో ఫంక్షన్ అంటే ముఖ్య అతిథి తొలి క్యాసెట్టో, తొలి సీడీయో ఆవిష్కరించాలి. మొత్తం తంతు దాని కోసమే. 2010ల రెండో సగానికి వచ్చేసరికి పేరే మారిపోయింది.. ప్రీ రిలీజ్ ఈవెంట్. పాటలు ఒక్కొక్కటిగా ముందే యూట్యూబ్‌లో లిరికల్ వీడియోలుగా వచ్చేస్తాయి. 2025 జనవరి 4న రాజమండ్రిలో జరిగిన 'గేమ్ ఛేంజర్' ఈవెంట్‌నే తీసుకోండి. అందులో 'జరగండి' పాట అప్పటికి తొమ్మిది నెలల ముందే నెట్‌లో ఉంది. స్టేజీ మీద ఆవిష్కరించడానికి ఇక మిగిలిందేంటి?

గోదావరి జిల్లాల మనుషుల కెరీర్లలోనూ ఇదే గీత కనిపిస్తుంది. వెదురుపాక మూలాలున్న దేవిశ్రీ ప్రసాద్ తొలి సినిమా 'దేవి' 1999లో వచ్చింది. అప్పుడు పాట హిట్టయిందో లేదో క్యాసెట్ షాపులో తెలిసేది. 2024 డిసెంబర్‌లో 'పుష్ప 2' వచ్చినప్పుడు లెక్క వ్యూస్‌లోనే. కొవ్వూరులో పుట్టిన కీరవాణి 'నాటు నాటు' 2021 నవంబర్‌లో నెట్‌లోనే విడుదలైంది, 2023 మార్చిలో ఆస్కార్ తెచ్చింది. ఆ పాటను సీడీ కొని విన్నవాళ్లు మన చుట్టుపక్కల దొరకడం కష్టమే.

డౌన్‌లోడ్ కూడా పోయిందని గమనించారా?

చాలామంది ఇప్పటికీ 'డిజిటల్ డౌన్‌లోడ్లు వచ్చి సీడీని చంపేశాయి' అంటుంటారు. నిజానికి ఆ డౌన్‌లోడ్ కూడా పోయింది. 2003లో యాపిల్ ఐట్యూన్స్ స్టోర్ మొదలైనప్పుడు పాట కొంటే ఫైల్ మీ సొంతం. ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా రికార్డింగ్ కంపెనీల ఆదాయంలో డౌన్‌లోడ్ల వాటా చాలా చిన్నది. అంతర్జాతీయ రికార్డింగ్ కంపెనీల సంఘం ఐఎఫ్‌పీఐ లెక్క ప్రకారం 2023లో మొత్తం ఆదాయం 2,860 కోట్ల డాలర్లు. అందులో 67 శాతం స్ట్రీమింగ్‌దే. సీడీ, ఎల్‌పీ లాంటి వస్తువుల వాటా 18 శాతానికి దగ్గర. డౌన్‌లోడ్లదా? మూడు శాతం పైచిలుకు మాత్రమే.

అంటే వస్తువును చంపడానికి వచ్చిన డౌన్‌లోడ్, ఆ వస్తువు కంటే ముందే మంచం పట్టింది!

ఇప్పుడు యాప్‌లో మనం 'డౌన్‌లోడ్' నొక్కుతున్నాం కదా.. అది పేరుకే డౌన్‌లోడ్. నెల చందా కట్టినంత కాలం, ఆ యాప్ ఉన్నంత కాలం, ఆ కంపెనీకీ పాట హక్కుదారుకీ ఒప్పందం ఉన్నంత కాలం మాత్రమే అది పనిచేస్తుంది. ఒక రకంగా అద్దె ఇల్లు. మనం సామాను సర్దుకున్నా, తాళం వాళ్ల చేతిలోనే ఉంటుంది.

ఇదేమీ ఊహాగానం కాదు. గానా 2022లో ఉచిత సేవ ఆపేసి చందా పద్ధతికి మారింది. రెస్సో 2024 జనవరిలో మన దేశంలో మూతపడింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ను మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ యాప్‌లలో ఏళ్ల తరబడి దాచుకున్న ప్లేలిస్టులు ఏమయ్యాయో వాడినవాళ్లకే తెలుసు. ముప్పై ఏళ్ల క్రితం కొన్న క్యాసెట్ కంపెనీ మూతపడినా ఇంట్లోనే ఉంటుంది. యాప్ మూతపడితే చేతిలో మిగిలేది సున్నా.

విదేశాల్లో రికార్డులు మళ్లీ వస్తున్నాయి.. మరి ఇక్కడ?

ఇక రెండో వైపు చూద్దాం. అమెరికాలో 2022లో ఎల్‌పీ రికార్డులు 4.1 కోట్లు అమ్ముడయ్యాయి, సీడీలు 3.3 కోట్లు. సంఖ్యలో సీడీని రికార్డు దాటడం 1987 తర్వాత అదే మొదటిసారి. జపాన్‌లో ఇప్పటికీ సీడీ షాపులకు గిరాకీ ఉంది. మన దేశంలో కూడా ముంబైలో 2024లో రికార్డులు తయారు చేసే ప్లాంట్ ఒకటి మళ్లీ మొదలైంది. కాబట్టి 'ఫిజికల్ ఫార్మాట్ చచ్చిపోయింది' అనడం ప్రపంచం లెక్కలో తప్పు.

అయితే ఆ గాలి రాజమండ్రి దేవీచౌక్ దాకా వస్తుందా? కష్టమే. కారణాలు మూడు.

మొదటిది ధర. కొత్త ఎల్‌పీ ఒక్కటి కొనే డబ్బుతో స్ట్రీమింగ్ యాప్‌కు ఏడాది చందా కట్టేయొచ్చు. ప్లేయర్, స్పీకర్ల ఖర్చు దీనికి అదనం.

రెండోది సరుకు. మళ్లీ అచ్చవుతున్న రికార్డుల్లో ఇంగ్లిష్, హిందీ పేర్లే ఎక్కువ. తెలుగు వినేవాడికి కావాల్సినవి వేళ్ల మీద లెక్కపెట్టాలి.

మూడోది అసలైనది. అక్కడ రికార్డు కొనేది వినడానికి మాత్రమే కాదు.. దాచుకోవడానికి, అభిమానం చూపించుకోవడానికి. మన దగ్గర అభిమానానికి వేరే దారులున్నాయి. ఫ్లెక్సీ, పాలాభిషేకం, బెనిఫిట్ షో, మొదటి రోజు టికెట్. హీరో మీద ప్రేమను సీడీ కొని చూపించే అలవాటు ఎప్పుడో తప్పిపోయింది.

మధ్యలో ఒక ప్రయోగం మాత్రం బాగానే నడిచింది. హెచ్ఎంవీ వారసురాలైన సరేగమ 2017లో 'కారవాన్' తెచ్చింది. చూడటానికి పాత రేడియోలా ఉంటుంది, లోపల 5,000 పాటలు ముందే ఎక్కించి ఉంటాయి. తెలుగు పాటలతో కూడా వచ్చింది. నెట్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, మీట తిప్పితే ఘంటసాల, సుశీల. పెద్దవాళ్లకు బహుమతిగా ఇవ్వడానికి చాలామంది కొన్నారు. దీన్నిబట్టి అర్థమయ్యేది ఒకటే.. చేతికి తగిలే వస్తువు, సులువుగా పాడే వస్తువు ఇస్తే కొనేవాళ్లు ఇంకా ఉన్నారు.

డెల్టాలో బతికున్న ఫార్మాట్ ఏదో తెలుసా? పెన్ డ్రైవ్!

సిటీ లెక్కలు పక్కనపెట్టి ఒకసారి ఊళ్లోకి వద్దాం. తెల్లవారుజామున గుడి మైకులో సుప్రభాతం ఎక్కడి నుంచి వస్తోంది? చాలాచోట్ల యాంప్లిఫయర్‌కు గుచ్చిన పెన్ డ్రైవ్ నుంచి. ట్రాక్టర్‌లో, ఆటోలో, వినాయక చవితి పందిట్లో, పాపికొండల బోటులో, వైకుంఠ రథంలో.. అన్నిచోట్లా అదే.

ఎందుకంటే స్ట్రీమింగ్‌కు ఇక్కడ కొన్ని పనులు చేతకావు. పాపికొండల మధ్య సిగ్నల్ ఉండదు. సుప్రభాతం మధ్యలో సబ్బు ప్రకటన వస్తే గుడిలో ఎవరు ఒప్పుకుంటారు? శవం ఇంటి ముందు ఉన్నప్పుడు భగవద్గీత బఫర్ అవుతుంటే ఎలా ఉంటుంది? ఇలాంటి చోట పాట చేతిలో ఉండాలి, మీట నొక్కగానే రావాలి. కాబట్టి చేతిలో పట్టుకునే ఫార్మాట్ డెల్టాలో చావలేదు. సైజు తగ్గి, బొటనవేలంత అయింది. అంతే.

అయితే ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, షాపులో డబ్బులిచ్చి ఎక్కించుకునే పాటల్లో చాలావాటికి హక్కులు ఉండవు. చట్టం ప్రకారం అది పైరసీ. పాడినవాళ్లకు, రాసినవాళ్లకు పైసా వెళ్లదు. రెండు, పెన్ డ్రైవ్‌లోకి ఎక్కేది నెట్‌లో దొరికే పాటే. నెట్‌లో లేని పాట అందులోకి రాదు. అసలు సమస్య మొదలయ్యేది ఇక్కడే.

నెట్‌లో లేనిది లేనట్టేనా?

పెద్ద పేర్లకు భయం లేదు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, కాకినాడలో పుట్టిన ఆయన శిష్యుడు చిట్టిబాబు.. ఇద్దరి వీణా నెట్‌లో దొరుకుతుంది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆయన రికార్డింగులు విదేశీ కంపెనీలు కూడా వేశాయి. మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన 'డ్రీమ్' 1995లో బ్రిటన్‌కు చెందిన రియల్ వరల్డ్ నుంచి వచ్చింది. కంపెనీ ఉంది, మాస్టర్ టేపు ఉంది, అమ్ముకునే ఆశ ఉంది. కాబట్టి ఆ సంగీతం ప్రతి కొత్త ఫార్మాట్‌లోకీ మారుతుంది.

కాకినాడ చాగంటి కోటేశ్వరరావు ప్రవచనాలు చూడండి. సీడీల్లో తిరిగాయి, పెన్ డ్రైవ్‌లలోకి వచ్చాయి, యూట్యూబ్‌లోకి వచ్చాయి. వినేవాళ్లు లక్షల్లో ఉన్నారు కాబట్టి ఎవరో ఒకరు మార్చి పెడుతూనే వచ్చారు.

మరి ఊరి హరిదాసు కథ? పరిషత్తు నాటక పోటీల్లో చప్పట్లు కొట్టించుకున్న రాయబారం పద్యాలు? జాతరలో గరగల వాయిద్యం? నాట్ల సమయంలో ఆడవాళ్లు పాడిన పాటలు? వీటికి కంపెనీ లేదు. మాస్టర్ టేపు అంటూ వేరే లేదు. ఉన్న ఒక్క కాపీ ఎవరింట్లోనో క్యాసెట్టే. అది పోతే ఆ పాట పోయినట్టే. ఇప్పుడు నాట్లు వేయడానికి మిషన్లు, బయటి రాష్ట్రాల కూలీలు వస్తున్నారు. ఆ పాటలు పాడినవాళ్లు పెద్దవాళ్లయిపోయారు. మళ్లీ రికార్డు చేద్దామన్నా గొంతు దొరకదు.

తెలుగువాళ్లకు ఈ నష్టం కొత్త కాదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటే ఇవాళ మనకు లేదు. సినిమాకే దిక్కు లేకపోతే ఊరి క్యాసెట్‌ను ఎవరు అడుగుతారు?

టైమ్ తక్కువుంది.. ఎందుకంటే

క్యాసెట్ టేపు అంటే ప్లాస్టిక్ రిబ్బను మీద అయస్కాంత పొడిని జిగురుతో అంటించిన పూత. తేమ తగిలితే ఆ జిగురు దెబ్బతింటుంది, టేపు మీద బూజు పడుతుంది. డెల్టాలో తేమకు కొదవేముంది? చుట్టూ కాలువలు, చేలు, పక్కనే సముద్రం. దీనికి తోడు వరదలు, తుపాన్లు. 1986 గోదావరి వరదను, 1996 నవంబర్‌లో కోనసీమను ఊడ్చేసిన తుపాన్‌ను చూసిన ఇళ్లకు తెలుసు.. నీళ్లొచ్చినప్పుడు ముందు పోయేవి కాగితాలు, ఫొటోలు, ఇలాంటి పెట్టెలే.

టేపు బాగున్నా ప్లేయర్ దొరకడం ఇంకో సమస్య. పాత డెక్కుల్లో రబ్బరు బెల్టులు సాగిపోయి, కొన్ని జిగటగా కరిగిపోయి ఉంటాయి. బాగుచేసే మెకానిక్‌లు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. ఇంకో పదేళ్లు ఆగితే క్యాసెట్ ఉంటుంది, వినే దారి ఉండదు.

ఇంట్లో తయారు చేసిన సీడీలకు కూడా భరోసా లేదు. కంప్యూటర్‌లో రాసిన సీడీలో సమాచారం రంగు పొర మీద ఉంటుంది. ఎండకు, వేడికి అది పాడవుతుంది. పెళ్లి సీడీ పెడితే 'డిస్క్ ఎర్రర్' వచ్చిన అనుభవం చాలామందికి ఉండే ఉంటుంది.

చట్టం అడ్డమా? కొంత దారి కూడా ఉంది

పాత రికార్డింగులను డిజిటల్ చేయడానికి కాపీరైట్ భయం చాలామందికి ఉంది. అసలు రూల్ ఇదీ. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం విడుదలైన సౌండ్ రికార్డింగుకు 60 ఏళ్లు రక్షణ. విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్క. అంటే 1963లో విడుదలైన రికార్డింగుకు 2023 చివరితో గడువు ముగిసినట్టు. అయితే పాట రాసినవాళ్ల హక్కు, బాణీ కట్టినవాళ్ల హక్కు వేరు. అవి వాళ్లు పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటాయి. కాబట్టి ప్రతిదీ తెచ్చి నెట్‌లో పెట్టేయడం కుదరదు.

కానీ భద్రపరచడం వేరు, అమ్ముకోవడం వేరు. 2012 సవరణ తర్వాత చట్టంలో ఒక మంచి వెసులుబాటు వచ్చింది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం దగ్గర డిజిటల్ కాని కాపీ ఇప్పటికే ఉంటే, దాన్ని భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. అంటే క్యాసెట్ గ్రంథాలయానికి చేరితే, దాన్ని డిజిటల్ చేసి దాచడానికి చట్టమే తోవ చూపిస్తోంది.

రాజమండ్రిలో వందేళ్లు దాటిన గౌతమీ గ్రంథాలయం ఉంది. బొమ్మూరులో తెలుగు విశ్వవిద్యాలయ సాహిత్య పీఠం ఉంది. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఉంది. దాదాపు ప్రతి పట్టణంలో శాఖా గ్రంథాలయం ఉంది. పుస్తకం దానం తీసుకున్నట్టే క్యాసెట్ దానం తీసుకోవడానికి ఒక కౌంటర్, ఒక మంచి డెక్కు, ఒక కంప్యూటర్, పనిచేయడానికి ఇద్దరు విద్యార్థులు. పుష్కరాలకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇదెంత? దేశంలో ఇలాంటి పని జరగడం లేదా అంటే జరుగుతోంది. సంప్రదాయ, జానపద సంగీత రికార్డింగుల కోసమే 1982లో మొదలైన ఒక ఆర్కైవ్ గురుగ్రామ్‌లో నడుస్తోంది. గోదావరి జిల్లాలకు అలాంటిది ఒకటి ఉండాలనడం పెద్ద కోరికేం కాదు.

ఇంట్లో క్యాసెట్లు ఉన్నవాళ్లు ఏం చేయొచ్చు?

ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కర్లేదు. ఇంట్లోనే చేసుకోగలిగినవి ఇవీ.

ముందు సినిమా క్యాసెట్లను పక్కన పెట్టండి. అవి ఎక్కడైనా దొరుకుతాయి. చేతిరాతతో పేరున్నవి, అసలు పేరే లేనివి ముందు తీయండి. విలువైనవి అవే.

బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టొద్దు. టేపూ పోతుంది, ప్లేయర్ హెడ్డూ పాడవుతుంది. తెలిసినవాళ్లకు చూపించండి.

బాగున్న టేపును మంచి డెక్కులో పెట్టి, హెడ్డు శుభ్రం చేసి, ఆడియో కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి రికార్డు చేయండి. ప్లేయర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేస్తే ఫ్యాన్ చప్పుడు కూడా చరిత్రలో కలిసిపోతుంది. అయినా ఏమీ చేయకపోవడం కంటే అదీ నయమే.

ఫైలును ఎంపీ3లో కాకుండా వేవ్ ఫార్మాట్‌లో దాచండి. ఆర్కైవ్‌లు పాటించే కనీస ప్రమాణం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఆ లెక్కన గంట క్యాసెట్‌కు సుమారు ఒక జీబీ అవుతుంది. 32 జీబీ పెన్ డ్రైవ్‌లో దాదాపు ముప్పై క్యాసెట్లు పడతాయి. కానీ ఒక్క పెన్ డ్రైవ్‌నే నమ్ముకోవద్దు, అదీ ఏదో రోజు మొరాయిస్తుంది. కనీసం రెండు కాపీలు, రెండు వేర్వేరు ఇళ్లల్లో ఉంచండి.

అన్నిటికంటే ముఖ్యం.. వివరాలు రాయండి. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ సందర్భం, సుమారుగా ఏ ఏడాది. గొంతు గుర్తుపట్టే పెద్దవాళ్లు ఉండగానే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి. పేరు లేని పాట దొరికినా సగమే దొరికినట్టు.

డిజిటల్ చేశాక కూడా అసలు క్యాసెట్‌ను పారేయొద్దు. రేపు ఇంతకన్నా మంచి యంత్రం రావొచ్చు.

తేలేదేంటంటే..

క్యాసెట్, సీడీ ఫార్మాట్లుగా గోదావరి జిల్లాల్లో మళ్లీ రావు. వినైల్ రికార్డు ఇక్కడ కొద్దిమంది ముచ్చటగానే మిగులుతుంది. పెన్ డ్రైవ్ ఇంకొన్నాళ్లు గుళ్లలో, బోట్లలో, ట్రాక్టర్లలో నడుస్తుంది. స్ట్రీమింగ్ సినిమా పాటను చూసుకుంటుంది, అందులో దానికి లాభం ఉంది కాబట్టి. ఊరి పాటను చూసుకోవాల్సింది మాత్రం ఊరే.

2027లో రాజమండ్రికి వచ్చే కోట్లాది మంది చేతుల్లో ఫోన్లుంటాయి. పుష్కర స్నానాల పాటలు, గోదావరి మీద పాటలు లెక్కలేనన్ని రీల్స్‌లో మోగుతాయి. ఆ హడావుడి మొదలయ్యేలోపు ఒక ఆదివారం ఖాళీ చేసుకుని అటక ఎక్కండి. డబ్బా దించి, దుమ్ము దులిపి, ఏ క్యాసెట్ మీద ఏం రాసుందో చదవండి. ఆ గొంతు ఎవరిదో చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఇంకా ఉంటే, ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి.